డిజిటలీకరణతో కర్బన ఉద్గారాలు తగ్గుతాయా? థీసిస్‌కి ముందు ఒక ఫ్యాక్టరీ కరెంటు బిల్లు చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నానని రాశారు. ఇరవై రాష్ట్రాల పదేళ్ల డేటా తీసుకున్నారు. మొబైల్ కనెక్షన్లు, ఇంటర్నెట్ వాడకం, డిజిటల్ చెల్లింపులు కలిపి ఒక సూచీ కట్టారు. ఉద్గారాల మీద రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకోటి ఎలా మారుతుందో చూసే గణాంక పద్ధతి) చేస్తే మైనస్ గుర్తు వచ్చింది, అంటే సూచీ పెరిగేకొద్దీ ఉద్గారాలు తగ్గుతున్నట్టు కనిపించింది. గైడ్ బాగుంది, రాసేయమన్నారు. మీకు మాత్రం మనసొప్పడం లేదు. "డిజిటలీకరణ వల్ల ఉద్గారాలు తగ్గుతాయని రాసేయొచ్చా?" అని అడిగారు.

రాయకండి. మీ మనసొప్పకపోవడమే ఈ పనిలో ఇప్పటిదాకా జరిగిన మంచి విషయం. నేను పంతొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉన్నాను. మొదట్లో ఫ్యాక్టరీల్లో ఎనర్జీ ఆడిట్లు, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతోందో తనిఖీలు చేశాను, తర్వాత అవే లెక్కల మీద ఆర్థిక పరిశోధన వైపు వచ్చాను. ఈ అనుభవంతో నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే. మీటరు దానంతట అది ఒక్క కిలో కర్బనాన్ని కూడా తగ్గించదు. ఆ మీటరు చూపించే అంకెను ఎవరు చూస్తున్నారు, చూశాక ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నదాన్ని బట్టే తగ్గడమో పెరగడమో జరుగుతుంది. మీ పరిశోధన ప్రశ్న అక్కడుంది.

ముందు మీ మైనస్ గుర్తు సంగతి. కర్ణాటకనే తీసుకోండి. మీరు లెక్కేసిన పదేళ్లలో ఇక్కడ ఫోన్లు పెరిగాయి, డిజిటల్ చెల్లింపులు పెరిగాయి. అదే కాలంలో మీ హిందూపురానికి దగ్గర్లోనే పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. రెండూ కలిసి పెరిగాయి కాబట్టి రిగ్రెషన్‌కి ఒకటి రెండోదానికి కారణంలా కనిపిస్తుంది. కానీ పావగడ పార్కుకు కారణం ఫోన్లు కాదు. అక్కడి ఎండ, వాన పడని నేల, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు భూములివ్వడానికి ఒప్పుకున్న రైతులు. పదమూడు వేల ఎకరాలు అలా వచ్చాయి. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి, ఆ ఊళ్లలో తెలుగు బాగా నడుస్తుంది, మాట్లాడటానికి మీకు ఇబ్బంది ఉండదు.

ఇంకో చిక్కు పెద్దది. కరెంటు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో తిరిగే ఏసీకి బొగ్గు ఏ రాష్ట్రంలో మండిందో చెప్పడం కష్టం. ఢిల్లీ చూడండి. 2018 అక్టోబర్‌లో బదర్‌పూర్ ప్లాంటు మూసేశాక ఢిల్లీ లోపల బొగ్గు కరెంటు ఉత్పత్తి లేదు. డిజిటల్ సూచీలో మాత్రం ఢిల్లీ పై వరసలో ఉంటుంది. మీ పట్టికలో అది "డిజిటల్ ఎక్కువ, ఉద్గారాలు తక్కువ" అని కనిపిస్తుంది. ఢిల్లీ వాళ్లు కరెంటు వాడటం మానేశారా? లేదు, పొగ పక్క రాష్ట్రాల ఖాతాలో పడుతోంది. ఛత్తీస్‌గఢ్‌ది సరిగ్గా దీనికి ఎదురు కథ, బొగ్గు అక్కడ మండుతుంది, కరెంటు వేరే రాష్ట్రాలకూ పోతుంది. కాబట్టి మీకు వచ్చిన మైనస్‌లో ఎంత భాగం బొగ్గు ప్లాంట్లు ఎక్కడున్నాయన్న భూగోళమో, ఎంత భాగం డిజిటలీకరణో విడదీయడానికి ఆ డేటాలో దారి లేదు. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (ఒక్కో రాష్ట్రానికి ఉండే సొంత తేడాను లెక్కలోంచి తీసేసే పద్ధతి) పెట్టాను కదా అంటారేమో. స్థిరంగా ఉండే తేడాలను అవి తీసేస్తాయి. ప్లాంటు మూతపడటం, సోలార్ పార్కు రావడం లాంటి మధ్యలో వచ్చే మార్పులను తీసేయవు.

ఇప్పుడు నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. మీ థీసిస్‌కి కావలసింది ఇందులోనే ఉంది.

కొన్నేళ్ల కిందట బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌కి వెళ్లాను. ఎనిమిది సీఎన్‌సీ మెషీన్లు (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని చెక్కేవి), రెండు షిఫ్టులు, ఆటో విడిభాగాల పని. ఓనరు ముందుచూపున్న మనిషి. సొంత డబ్బుతో ఎనర్జీ మానిటరింగ్ పెట్టించారు. కేబిన్ గోడకు పెద్ద స్క్రీను, పదిహేను నిమిషాలకొకసారి మారే గీతలు, ఫోన్లో యాప్. పద్నాలుగు నెలలు గడిచినా బిల్లులో మార్పు లేదని నన్ను పిలిచారు.

పాత డేటా మొత్తం తీసి గంటలవారీగా పరిచి చూశాను. పగటి గీతలో పెద్ద వింతేమీ లేదు. రాత్రి పదికి రెండో షిఫ్టు అయిపోతుంది, అప్పటి నుంచి గీత నేలకు దిగాలి. దిగలేదు. పదకొండు కిలోవాట్ల దగ్గర ఆగి తెల్లవారి ఆరుదాకా అలాగే నడిచింది. ఒకరోజు కాదు, ప్రతి రాత్రీ అంతే. ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. మెషీన్లన్నీ ఆపి, లైట్లు తీసేశాక షెడ్డులో సన్నగా "స్స్స్" మని చప్పుడు. ఒక మూల నుంచి కాదు, అన్ని వైపుల నుంచీ. మెషీన్లకు ఒత్తిడితో గాలి పంపే కంప్రెసర్ లైను పదిచోట్ల కారుతోంది. పగలు మెషీన్ల హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. గాలి కారిపోతూ ఉంటే కంప్రెసర్ ప్రెజర్ నిలబెట్టడానికి ఆగి ఆగి లోడ్ తీసుకుంటూనే ఉంది.

వాచ్‌మన్ కల్యాణదుర్గం వైపు పెద్దాయన. "రాత్రి కంప్రెసర్ ఎందుకు ఆపవు పెద్దాయనా?" అని అడిగాను. "ఆపితే పొద్దున ప్రెజర్ ఎక్కేదానికి ముప్పావు గంట పడతాది సార్. షిఫ్టు లేటయిందని సూపర్‌వైజరు నామీద అరుస్తాడు. దాన్ని ఆపొద్దని ఆయప్పే చెప్పినాడు" అన్నాడు. సూపర్‌వైజర్‌ని అడిగితే ఆయన లెక్క ఆయనకుంది. ఆయన్ని ఓనరు రోజూ అడిగేది పీసులెన్ని అని, యూనిట్లెన్ని అని కాదు. కరెంటు బిల్లు అకౌంట్స్ గదిలోకి వెళ్తుంది, షెడ్డులోకి ఎప్పుడూ రాదు. స్క్రీనేమో ఓనరు కేబిన్‌లో ఉంది, ఆయన సాయంత్రం ఏడుకు ఇంటికి వెళ్లిపోతారు. రాత్రి రెండు గంటల అంకెను మీటరు పద్నాలుగు నెలల పాటు తప్పు లేకుండా రాసింది. ఆ అంకెతో పని ఉన్న మనిషి మాత్రం ఆ గొలుసులో ఒక్కరూ లేరు.

లెక్క మీరే వేసుకోండి. పదకొండు కిలోవాట్లు, ఎనిమిది గంటలు, రాత్రికి 88 యూనిట్లు. ఏడాదికి మూడొందల రాత్రులనుకుంటే 26,400 యూనిట్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) ప్రచురించే లెక్కల ప్రకారం మన గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక చిన్న షెడ్డులో, ఎవరికీ అక్కరలేని గాలి కోసం, ఏటా పద్దెనిమిది టన్నులకు పైగా. బాగు చేయడానికి అయినవి కొన్ని కప్లింగులు, హోస్ పైపులు, మెషీన్ మెషీన్‌కీ ఒక బాల్ వాల్వు. దానికంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటి. రాత్రి యూనిట్లు తగ్గితే అందులో కొంత సూపర్‌వైజర్‌కి, వాచ్‌మన్‌కి బోనస్‌గా ఇస్తానని ఓనరు ఒప్పుకున్నారు. పొద్దున ప్రెజర్ ఎక్కించే పని షిఫ్టుకు అరగంట ముందు వాచ్‌మన్ చేతిలో పెట్టారు. నెల తిరక్కుండా రాత్రి గీత నేలకు దిగింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. మిగిలిన డబ్బుతో, ఖాళీ అయిన లోడ్‌తో మరుసటి ఏడాది ఓనరు ఇంకో రెండు మెషీన్లు వేశారు. కొత్తగా నలుగురికి పని దొరికింది. పీసుకు పట్టే యూనిట్లు బాగా తగ్గాయి. ఫ్యాక్టరీ మొత్తం యూనిట్లు పెరిగాయి. అయితే ఉద్గారాలు తగ్గినట్టా, పెరిగినట్టా?

1865లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ బొగ్గు విషయంలో ఇదే చెప్పాడు. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో నడవడం మొదలుపెడితే దేశం బొగ్గు తక్కువ వాడదు, ఇంకా ఎక్కువ చోట్ల యంత్రాలు పెడుతుందని. మన దేశంలోనే దీనికి గట్టి ఆధారం ఉంది. ఆర్థికవేత్త నికొలస్ ర్యాన్ గుజరాత్‌లో నాలుగొందలకు పైగా ఫ్యాక్టరీల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచి, వాటికి ఎనర్జీ ఆడిట్లు ఇప్పించి చూశాడు. ఆడిట్ అందిన ఫ్యాక్టరీల కరెంటు వాడకం తగ్గలేదు సరికదా, పెరిగింది. సామర్థ్యం పెరిగిన మెషీన్‌ని ఓనరు ఎక్కువసేపు నడుపుతాడు. నేను ఆడిటర్‌గా బతికినవాణ్ణి, ఆ ఫలితం మొదటిసారి చదివినప్పుడు చాలా రోజులు మనసు కుదుటపడలేదు. పీణ్య బిల్లులు మళ్లీ తీసి చూసుకుంటే అక్కడా అదే కనిపించింది.

దీన్ని చెడుగా తీసుకోవద్దు. ఆ నలుగురి ఉద్యోగాలు నిజం. మన దేశం ప్రపంచానికిచ్చిన మాట కూడా తీవ్రత గురించే. 2005తో పోలిస్తే 2030 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికి వెలువడే ఉద్గారాలను 45 శాతం తగ్గిస్తామన్నాం. నికర ఉద్గారాలను, అంటే వెలువడేవాటిలోంచి పీల్చుకునేవి తీసేస్తే మిగిలేవాటిని, సున్నాకు తెస్తామన్నది 2070కి. పీసుకు యూనిట్లు తగ్గి మొత్తం పెరిగిన ఆ ఫ్యాక్టరీ మొదటి మాట నిలబెట్టింది, రెండోదానికి ఇంకా దూరంగానే ఉంది. మీ థీసిస్‌లో సమీకరణానికి ఎడమవైపు ఉద్గారాల అంకెగా ఏది పెడుతున్నారో, తలసరా, జీడీపీకా, మొత్తమా, మొదటి పేజీలోనే చెప్పి తీరాలి. చాలా పేపర్లలో అది నాలుగో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడే ఫలితం తలకిందులవుతుంది.

సరే, మీటరుకు ఏం తోడు కావాలి? దీనికి నాకు తెలిసినంతలో ప్రపంచంలోకెల్లా శుభ్రమైన జవాబు సూరత్ నుంచి వచ్చింది. అది కర్బనం కాదు, పొగగొట్టాల్లోంచి వచ్చే దుమ్ము కణాల సంగతి. ఆర్థికశాస్త్రం మాత్రం ఒకటే. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలితో కలిసి మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్, అనంత్ సుదర్శన్ మూడొందలకు పైగా ఫ్యాక్టరీలతో ఒక ప్రయోగం చేశారు. రెండు గుంపులకూ పొగగొట్టంలో క్షణక్షణం కొలిచే డిజిటల్ పరికరాలున్నాయి. ఒక గుంపును పాత నిబంధనల కిందే ఉంచారు. రెండో గుంపుకు మొత్తం కాలుష్యానికి ఒక పరిమితి పెట్టి, అనుమతి పత్రాలు కొనుక్కునే, అమ్ముకునే మార్కెట్ పెట్టారు. మార్కెట్ ఉన్న గుంపులో కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గింది. పరికరం రెండు వైపులా ఉన్నప్పుడు తేడా తెచ్చింది పరికరం కాదు కదా. ఆ అంకెకు ధర రావడం, ఆ ధర ఓనరు జేబుకు తగలడం. అయితే ఇంకోటి గమనించండి. ఆ పరికరాలు లేకపోతే మార్కెట్టే నడవదు. కొలవలేనిదాన్ని అమ్మలేరు, కొనలేరు. డిజిటలీకరణ అసలు పాత్ర ఇది. అది మార్పుకు కారణం కాదు, కారణం పనిచేయడానికి కావలసిన నేల. 2023లో మన కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నిలబడాలన్నా మీటర్లను నమ్మగలగాలి.

నమ్మకం అన్నాను కాబట్టి ఒక పాత గాయం చెప్పుకోవాలి. లాక్‌డౌన్ తర్వాత ఇక్కడి ఒక కంపెనీ నన్ను పిలిచింది. తమ సాఫ్ట్‌వేర్ పెట్టిన ఆఫీసు భవనంలో 2020–21లో కరెంటు సగానికి పడిపోయిందనీ, అది సాఫ్ట్‌వేర్ ఘనతేననీ రిపోర్టు రాసి సంతకం పెట్టమన్నారు. ఆ ఏడాది ఆ భవనంలో మనుషులే లేరు. వాళ్లంతా కేఆర్ పురంలో, మారతహళ్లిలో, ఊళ్లకు వెళ్లి కడపలో, ఒంగోలులో ఇళ్లల్లో ఫ్యాన్లు, ఏసీలు వేసుకుని పనిచేశారు. ఆ కరెంటు ఎవరి ఖాతాలోనూ లేదు. నేను సంతకం పెట్టలేదు, ఆ పని పోయింది, ఆ తర్వాత రావలసిన ఇంకో రెండు పనులూ పోయాయి. ఇంటి అద్దె కట్టడానికి టెన్షన్ పడిన నెలలవి. ఆ రిపోర్టు మీద తర్వాత ఇంకెవరో సంతకం పెట్టారని విన్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

మనిషి మంచివాడా కాదా అన్నది ఇక్కడ రెండో విషయం. జీతం ఎవరిస్తున్నారన్నది మొదటిది. ఎస్తేర్ డఫ్లో, గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్ 2013లో ప్రచురించిన గుజరాత్ అధ్యయనం తప్పక చదవండి. ఫ్యాక్టరీయే ఆడిటర్‌ని పెట్టుకుని ఫీజు ఇచ్చినప్పుడు, రిపోర్టుల్లో కాలుష్యం వింతగా సరిగ్గా పరిమితికి కాస్త కిందే ఉండేది. ఆడిటర్‌ని లాటరీ తీసి పంపి, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, కొన్నింటిని తిరిగి తనిఖీ చేసేసరికి రిపోర్టులు నిజం వైపు వచ్చాయి. రిపోర్టులు నిజమయ్యాక ఫ్యాక్టరీలు కాలుష్యం కూడా తగ్గించాయి. ఇప్పుడు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల వల్ల మార్కెట్ విలువలో పైనున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి తమ ఇంధనం, ఉద్గారాల లెక్కలు ఏటా బయటపెడుతున్నాయి. ఆ డేటా వాడండి, మంచిదే. కానీ ఏ లెక్కను ఎవరు సరిచూశారన్నది కూడా ఒక కాలమ్‌గా పెట్టుకోండి.

సమయం గురించి ఒక మాట. అదే యూనిట్ మధ్యాహ్నం పన్నెండుకు వాడితే ఒక లెక్క, రాత్రి ఏడున్నరకు వాడితే ఇంకో లెక్క. పావగడ పలకల మీద ఎండ కొడుతున్నప్పుడు కరెంటు పుష్కలం, పొద్దు గుంకాక రాయచూరు, బళ్లారి బొగ్గు ప్లాంట్ల మీద బరువు పడుతుంది. సగటు 0.7తో గుణించేస్తే ఈ తేడా మొత్తం మాయమవుతుంది. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల నిబంధనలు పగటి సోలార్ గంటల్లో తక్కువ, వాడకం ఎక్కువుండే పీక్ గంటల్లో ఎక్కువ ధర పెట్టమన్నాయి. ఆ ధర పనిచేయాలంటే గంట గంటకూ కొలిచే స్మార్ట్ మీటరు ఉండాలి. డిజిటలీకరణ నిజంగా కర్బనం తగ్గించగల చోటు ఏదని నన్నడిగితే మొదట ఇదే చెప్తాను. హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసులు, కరెంటు బస్సుల చార్జింగ్, తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు కావేరి నీళ్లను ఎత్తిపోసే పంపులు, వీటిలో ఏది ఎన్ని గంటలు పగటికి జరగగలదు అన్నది ఒక్కటి చాలు మంచి థీసిస్‌కి.

డేటా సెంటర్ల గురించి కూడా అడిగారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద అవి వాడింది సుమారు 415 టెరావాట్ అవర్లు (ఒక టెరావాట్ అవర్ అంటే వంద కోట్ల యూనిట్లు), ప్రపంచ కరెంటులో దాదాపు ఒకటిన్నర శాతం. 2030కి అది రెట్టింపు దాటుతుందని వాళ్ల అంచనా. డిజిటల్ వైపు ఖర్చు సున్నా అని రాయకుండా ఉండటానికి ఈ అంకె చాలు. ఎం.ఏ. స్థాయిలో ఇంతకంటే లోతుకు వెళ్లకండి, డేటా దొరకదు.

మరి ఏం చేయాలి? రాష్ట్రాల ప్యానెల్‌ను, అంటే మీ ఇరవై రాష్ట్రాల పదేళ్ల డేటాను, మొదటి అధ్యాయంలో, ఎందుకు చాలదో చూపించడానికి ఉంచుకోండి. మీ కష్టం వృథా కాదు. అసలు పనికి యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్ (ప్రభుత్వం ఏటా చేసే ఫ్యాక్టరీల సర్వే) తీసుకోండి, ఫ్యాక్టరీ స్థాయి డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో చాలామంది గమనించని వరస ఒకటుంది. స్థిరాస్తుల బ్లాకులో ప్లాంటు, మెషినరీతో పాటు కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ విలువ విడిగా ఉంటుంది. కాలుష్య నియంత్రణ పరికరాలదీ విడిగానే ఉంటుంది. అదే ఫ్యాక్టరీ కొన్న కరెంటు యూనిట్లు, బొగ్గు ఇంకో బ్లాకులో ఉంటాయి. అంటే కంప్యూటర్ల మీద ఖర్చు పెట్టిన ఫ్యాక్టరీలో ఆ తర్వాత ఉత్పత్తికి పట్టే యూనిట్లేమయ్యాయి, మొత్తం యూనిట్లేమయ్యాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఖర్చులో ఎక్కువ భాగం కరెంటుకే పోయే రంగాల్లో ఒకలా, తక్కువ పోయే రంగాల్లో ఇంకోలా ఉంటుందని నా అనుమానం. ధర తగిలినచోటే మీటరు పనిచేస్తుందన్నది నిజమైతే మీ అంకెల్లో అది కనిపించాలి. కనిపించకపోతే నా అభిప్రాయం తప్పని రాయండి, నేను సంతోషంగా చదువుతాను. ఒక జాగ్రత్త, కరెంటుతో నడిచే చోట పదిమందికి తక్కువ పనిచేసే షెడ్లు ఈ సర్వేలోకి రావు. పీణ్యలో సగం కథ అక్కడే ఉంది.

అందుకే ఒక ఐదారు షెడ్లకు స్వయంగా వెళ్లండి. గైడ్‌తో గొడవ పెట్టుకోవద్దు. "సార్, మీరు చెప్పిన ప్యానెల్ ఉంచుతాను, దానికి తోడు ఫ్యాక్టరీ స్థాయిలో ఒక అధ్యాయం చేస్తాను" అనండి. ఒప్పుకుంటారు. ఓనర్లను డేటా అడిగితే బెదిరిపోతారు, పాత కరెంటు బిల్లులు అడిగితే ఇస్తారు. పన్నెండు నెలలవి వరసగా అడగండి. మొత్తం రూపాయలు పక్కన పెట్టి యూనిట్లు, మాక్సిమమ్ డిమాండ్ (ఆ నెలలో ఒక్కసారిగా లాగిన అత్యధిక లోడ్), పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో పనికొచ్చిన వంతు) రాసుకోండి. జెనరేటర్ డీజిల్ లెక్క విడిగా అడగాలి, అది బిల్లులో ఉండదు. లీటరు డీజిల్‌కి సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. ఒక్కచోటైనా రెండో షిఫ్టు అయిపోయేదాకా ఉండి, మెషీన్లు ఆగాక మీటరు ఎంత చూపిస్తోందో చూడండి. తోడుగా క్లాస్‌మేట్‌ని తీసుకెళ్లండి, ఆలస్యమైతే తిరిగి రావడానికి బండి ముందే మాట్లాడుకోండి. బిల్లులు ఎవరూ ఇవ్వకపోతే ఇక్కడే రాయండి. ఆ పీణ్య ఓనరు ఇప్పటికీ ఫోన్ ఎత్తుతారు, ఆయనతో మాట్లాడి మీకు టైం ఇప్పిస్తాను.